మెడకు వేసే ఇనప కంటె

ఈరోజు ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్లాలనిపించలేదు. వాన తగ్గింది కదా అని హోలీరూడ్ పార్కు అంచున నడుచుకుంటూ డడింగ్‌స్టన్ దాకా వెళ్లాను. స్కాట్లండ్‌లోని ఈ ఎడిన్‌బరో వచ్చి మూడేళ్లయినా అటువైపు పోనేలేదు. చెరువులో హంసలుంటాయంటే చూద్దామని బయల్దేరినదాన్ని, ఒడ్డునే ఉన్న పాత చర్చి గేటు దగ్గర ఆగిపోయాను. గోడకి ఒక గొలుసు వేలాడుతోంది, దాని చివర ఇనప కంటె. పౌలు, సీలల కాళ్లకు బొండ వేసి బిగించారని బైబిల్లో చదువుకున్నాం కదా, ఇది మెడకి వేసేది. ఇక్కడివాళ్లు జూగ్స్ అంటారు. తప్పు చేశారని చర్చి పెద్దలు తేల్చినవాళ్ల మెడకి దాన్ని తగిలించి, తాళం వేసి, జనం ఆరాధనకి వచ్చే దారిలో నిలబెట్టేవాళ్లు. వచ్చేవాళ్లంతా అన్నదమ్ములో, పక్కింటివాళ్లో, పని ఇచ్చే యజమానులో అయ్యుంటారు. ముట్టుకుని చూశాను. తడిగా, చల్లగా ఉంది. ఆ తర్వాత హంసల మీదకి మనసు పోలేదు.

ఈ విషయం నాకు కొత్త కాదు. పోయిన చలికాలం ఇక్కడి నేషనల్ మ్యూజియంలో గ్రేఫ్రయర్స్ చర్చి నుంచి తెచ్చిన పశ్చాత్తాప పీట, అంటే తప్పు చేసినవాళ్లని ఆరాధనలో అందరి ముందు కూర్చోబెట్టే పీట, చూశాను, అప్పటినుంచి వీలైనప్పుడల్లా చదువుతూనే ఉన్నాను. 1560లో స్కాట్లండ్ పోపుని వదిలేసి ప్రొటెస్టెంటు దేశమయ్యాక, మెల్లమెల్లగా ఊరూరా చర్చికి ఒక పంచాయితీ ఏర్పడింది. పాస్టరు, ఆయనతో పాటు ఊళ్లోనే వ్యవసాయమో చేతిపనో చేసుకునే కొందరు సంఘపెద్దలు. పేరు కిర్క్ సెషన్. ఆదివారం పని చేసినా, తాగి గొడవ చేసినా, తిట్టుకున్నా పిలిపించేవాళ్లు. ఎవరిమీదైనా లేనిపోనివి చెప్పినట్టు తేలితే, కొన్ని చోట్ల సంఘం ముందు నిలబడి తన నాలుక తనే పట్టుకుని ఈ నాలుక అబద్ధమాడిందని ఒప్పుకోవాలి. చిన్నప్పుడు మనచేత చెంపలు వేయించేవారు చూడండి, అలాంటిదే, కాకపోతే పెద్దవాళ్లకి, ఊరందరి ముందు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన కేసులు మాత్రం పెళ్లికి ముందు సంబంధాలవి. మామూలుగా మూడు ఆదివారాలు పీట మీద కూర్చోవాలి, లేదా నిలబడాలి. పెళ్లయినవాళ్ల వ్యభిచారమైతే నెలల తరబడి, గోనెపట్ట కట్టుకుని, ఒట్టి కాళ్లతో. మన బైబిల్లో గోనెపట్ట అన్న మాట వందసార్లు విని ఉంటాను, మనిషి ఒంటికి నిజంగా కట్టిన గోనెపట్టని మాత్రం ఎప్పుడూ ఊహించుకోలేదు.

అయినా ఎందుకు ఒప్పుకునేవాళ్లు, వేరే ఊరు పారిపోవచ్చు కదా అనుకున్నాను మొదట్లో. అసలు కిటుకు అక్కడే ఉంది. వేరే ఊళ్లో పనికి చేరాలంటే ఈ ఊరి పాస్టరు ఇచ్చే మంచి నడవడి పత్రం కావాలి. బిడ్డకి బాప్తిస్మం కావాలంటే ముందు తప్పు ఒప్పుకుని శిక్ష పూర్తి చేయాలి. ముసలివాళ్లకి, విధవలకి, తిండి లేనివాళ్లకి సాయం పంచేది కూడా ఆ పెద్దలే, ఆ పేదల పెట్టెలో పడేవాటిలో ఇలా కట్టించుకున్న జరిమానా డబ్బులూ ఉండేవి. అన్నం పెట్టే చెయ్యీ కంటె బిగించే చెయ్యీ ఒకటే అయినప్పుడు మనిషి ఎక్కడికి పోతాడు?

మగవాడు కనీసం కాదని బుకాయించగలడు. పనిమనిషి పిల్లకి కడుపే సాక్ష్యం. తండ్రి పేరు చెప్పకపోతే నొప్పుల వేళ మంత్రసాని చేత అడిగించేవాళ్లు, చెప్పేదాకా చెయ్యి వేయొద్దని కూడా చెప్పేవాళ్లు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నేను పని చేసేది కాన్పుల వార్డులో. ఆ స్థితిలో ఉన్న మనిషిని పేరు అడగడమేంటి? పీట ఎక్కాల్సి వస్తుందన్న భయంతో కడుపు దాచి, ఒంటరిగా కనేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం 1690లో ఒక చట్టం చేశారు. కడుపు దాచి, కాన్పులో ఎవరినీ సాయం పిలవక, బిడ్డ చనిపోయినా కనబడకపోయినా తల్లే చంపిందని లెక్క, శిక్ష మరణం. 1809లో దాన్ని తీసేసి రెండేళ్ల లోపు జైలుగా మార్చేదాకా అది అలాగే ఉంది.

కవి రాబర్ట్ బర్న్స్‌ని ఇక్కడ దేవుడిలా చూస్తారు. ఆయన కూడా 1786లో మాక్లిన్ చర్చిలో మూడు ఆదివారాలు నిలబడ్డాడు. ఆయన మొదటి పుస్తకం అచ్చయి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, జూలై 31న. ఆగస్టు 6న మందలించి వదిలేసిన ఐదుగురిలో ఆయనొకడు, ఆయన ప్రియురాలు జీన్ ఆర్మర్ ఒకామె. జీన్‌కి అప్పటికి నెలలు నిండుతున్నాయి, సెప్టెంబరు 3న కవలలు పుట్టారు. ఆయన ఎలా నిలబడ్డాడో అందరూ రాస్తారు, ఆ కడుపుతో ఆమె ఎలా నిలబడిందో ఎవరూ రాయరు. మిగతా ముగ్గురి గురించైతే చిట్టాలో పేర్లు తప్ప నాకేమీ దొరకలేదు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ రాత్రి పదకొండు దాటింది, అయినా ఎత్తింది. చర్చికి వెళ్లావా అని అడిగింది, వెళ్లానన్నాను. ఆ కంటె గురించి చెప్తుంటే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన చర్చిలో ఆ అక్కని బల్లకి దూరం పెట్టినప్పుడు నీకెన్నేళ్లే?" అంది.

ఎనిమిదో తొమ్మిదో. వేరే కులం అబ్బాయితో వెళ్లి, ఆర్నెల్లకి తిరిగొచ్చింది ఆ అక్క. ఆదివారం ఆరాధనలో లేపి నిలబెట్టి, పేరు చదివి, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో, ఇక పాలుపంచుకోకూడదన్నారు. మా నాన్న అప్పుడు సంఘపెద్ద. ఆ అక్క తెల్ల చీరలో, తల మీద కొంగు కప్పుకుని, వెనక వరసలో నిలబడి ఉండటం నాకు బాగా గుర్తు. మేం పిల్లలమంతా వెనక్కి తిరిగి చూశాం. మా టీచరమ్మ ముందుకు తిరగమని కూడా అనలేదు, చూడనిచ్చింది. డడింగ్‌స్టన్ గేటు దగ్గర నన్ను ఆపేసింది ఆ ఇనుము కాదేమో, వెనక్కి తిరిగి చూసిన ఆ చూపేమో అని ఇప్పుడనిపిస్తోంది.

"నువ్వెక్కడ కూర్చున్నావమ్మా ఆ రోజు?"

"ఆ పిల్ల పక్కనే. కూర్చోమని చెయ్యి పట్టుకుని లాగాను, కూర్చోలేదు."

ఈ సంగతి ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. నాన్నకి తెలుసా అంటే, తెలుసు, ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు అంది. ఆ అక్క ఇప్పుడు చీరాలలో ఉందట, కొడుకు డిగ్రీ చదువుతున్నాడట. నంబరు దొరుకుతుందా అని అడిగాను. ఏం మాట్లాడతావే ఇన్నేళ్ల తర్వాత అంది అమ్మ. తెలియదు, ముందు నంబరు కనుక్కో అన్నాను.

రేపు పొద్దున ఏడింటికి డ్యూటీ. పదిన్నరయింది, ఇంకా ఫోన్ చూస్తూనే ఉన్నాను.