ట్యాంకు దాకా ఒకరు, ట్యాంకు నుంచి మరొకరు

మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా నాది చిన్న జిరాక్స్ షాపు. పేరుకే జిరాక్స్, ఎక్కువ పని అర్జీలు రాయడం. సోమవారం నల్గొండ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కాబట్టి ఆదివారం సాయంత్రం నుంచే జనం వస్తారు. తెల్ల కాగితం తీయగానే అందరిదీ ఒకటే మాట: “కలెక్టర్ సారుకు రాయమ్మా.” వీధి దీపం వెలగకపోయినా కలెక్టరే, మోరీ నిండినా కలెక్టరే, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోయినా కలెక్టరే. ఎనిమిదేళ్లుగా నేనూ అలాగే రాసిచ్చాను. ఆ కాగితం కలెక్టరేట్‌లో నంబరు వేయించుకుని, ఎంపీడీవో ఆఫీసుకు దిగి, అక్కడి నుంచి మళ్లీ అదే ఊరి పంచాయతీ కార్యదర్శి టేబుల్ మీదికి వస్తుంది. అర్జీ పెట్టిన మనిషి మాత్రం బస్సు చార్జీ పెట్టుకుని, ఒకరోజు కూలి పోగొట్టుకుని నల్గొండ పోయి వస్తాడు. కార్యదర్శి కూర్చునే గదేమో వాళ్లింటికి నాలుగు అడుగుల దూరం.

ఈ వేసవిలో అలాంటి అర్జీ మా నాయిన కోసం రాయాల్సి వచ్చింది.

మాది మేనరికం. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఒకే ఊళ్లో, మర్రిగూడ వైపు. అమ్మానాయిన ఉండేది గుట్టను ఆనుకున్న పైవాడలో. మేము కిందివాడలో, నీళ్ల ట్యాంకుకు దగ్గర. మార్చి సగం దాటాక నాయిన ఫోన్ చేశాడు. “నల్లాల నీళ్లొస్తలేవు బిడ్డా. నాలుగు రోజులాయె. మీ అమ్మ మళ్ల బోరింగు కాడికి పోతున్నది. ఒక అర్జీ రాయి.”

బోరింగు అన్న మాట వినగానే నాకు భయమేసింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు అని ప్రమాణం. మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లే తాగి పెరిగాం. నాయిన మెడ తిరగదు, వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు. మా చిన్న మేనత్త ముప్పై అయిదేళ్లకే కర్ర పట్టుకుంది. నా ముందుపళ్ల మీద గార ఇప్పటికీ ఉంది. అందుకే కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చిన రోజు అమ్మ బిందెకు పసుపు కుంకుమ పెట్టింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాయిన 1996లో పార్లమెంటుకు పోటీ చేశాడు. ఈ మాట చెప్తే మా పిల్లలు నమ్మరు. నాయిన ఏ పార్టీ మనిషీ కాదు, రెండెకరాల చెలక చేసుకునే రైతు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు, ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. దుశర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపుతో మా వైపు ఊళ్ల నుంచి రైతులు, కూలీలు వరసగా పోయి నామినేషన్లు వేశారు. అడిగింది ఒక్కటే, ఫ్లోరైడ్ లేని నీళ్లు. నల్గొండ స్థానానికి చివరికి 480 మంది బరిలో మిగిలారు. అన్ని పేర్లతో బ్యాలెట్ తయారుచేయడం మామూలు పని కాదు కాబట్టి పోలింగ్‌నే వాయిదా వేశారు. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. పోలైన ఓట్లలో ఆరో వంతు వస్తే తప్ప డిపాజిట్ తిరిగి రాదు, దాదాపు అందరివీ పోయాయి. నాయిన రెండు మేకపిల్లలు అమ్మి కట్టిన డబ్బు అది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్‌ను 10,000 చేశారు, గుర్తింపు ఉన్న పార్టీ లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదించాలన్నారు. ఇప్పుడా డిపాజిట్ 25,000. మళ్లీ అలాంటి నామినేషన్ వేయడం నాయినలాంటి వాడి చేత కాదు.

ఎందుకు వేశావు నాయినా అని చిన్నప్పుడు అడిగితే, “ఊళ్లె అడిగినం, మండలంల అడిగినం, మా చేతుల లేదన్నరు. ఎవరి చేతుల ఉన్నదో తెల్వక ఢిల్లీనే అడిగినం” అన్నాడు. ఆ మాట నేను ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ మనిషి ఇప్పుడు నీళ్ల కోసమే అర్జీ రాయమంటే, “గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి” అని పైన రాసి పెన్ను ఆపేశాను. ఈ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో ముందు తెలుసుకుందామనుకున్నాను.

తెలుసుకోవడం కష్టమేం కాలేదు. నది నుంచి నీళ్లు ఎత్తి, శుద్ధి చేసి, పెద్ద పైపుల్లో ఊరి ట్యాంకు దాకా చేర్చే పని మిషన్ భగీరథ శాఖది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు వాళ్ల లెక్క. ట్యాంకు నుంచి ఇంటింటికీ పంచే పని పంచాయతీది. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో చేర్చిన పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాలున్నాయి, తాగునీరు అందులో 11వది. కరెంటు స్తంభం దగ్గరా ఇలాగే ఉంటుంది. స్తంభం, తీగ కరెంటోళ్లవి, దానికి వేలాడే బల్బు పంచాయతీది. ఇన్నేళ్లు అర్జీలు రాసిన నేను ఈ గీత ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. నాకే తెలియదు, ఏం చెప్తాను?

నీళ్లు వదిలే తమ్ముడిని ట్యాంకు దగ్గర కలిశాను. నిచ్చెన ఎక్కి చూసి, “ట్యాంకు రోజూ నిండుతున్నదక్కా, భగీరథోళ్ల తప్పు లేదు” అన్నాడు. పైవాడ వాల్వు పొద్దున ఆరున్నరకు తిప్పుతున్నానన్నాడు. ఆ లైను కిందివాడ మీదుగానే పోవాలి. మరి నీళ్లెక్కడ ఆగుతున్నాయి? కాసేపు మొహమాటపడి అన్నాడు: “నల్లాలకు మోటార్లు పెట్టిండ్రక్కా. గుంజుకుంటే పైకేడ ఎక్కుతయి? లెక్క పెట్టుకో, మీ ఇంటి నుంచే మొదలుపెట్టు.”

నిజమే. మా ఇంటి నల్లాకూ అర హెచ్‌పీ మోటారు ఉంది. రెండేళ్ల కింద ఇంటి మీద సింటెక్స్ ట్యాంకు పెట్టినప్పుడు బిగించాం. మోటారు వేస్తే పది నిమిషాల్లో నిండుతుంది. నాకు తెలిసి అది తప్పని కూడా అనిపించలేదు, ఎందుకంటే చుట్టూ అందరికీ ఉన్నాయి. మా అమ్మ బోరింగు కొట్టడానికి కారణం నా ఇంటి గోడకే బిగించి ఉందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

రాత్రి మా ఆయనతో అన్నాను, “బావా, మోటారు తీసేద్దాం.” ఆయన ఏమీ అనలేదు. అత్తమ్మే అంది, “వాడకట్టు మొత్తం పెట్టుకున్నది. మనమొక్కలం తీస్తే పైకి నీళ్లెక్కుతయా?” ఆమె మాటలో అబద్ధం లేదు. ఒక్క మోటారు తీస్తే నీళ్లు ఎక్కవు. అయినా ఆమె సొంత తమ్ముడి ఇల్లు అది, మా నాయినది. తెల్లారి ఆమే వచ్చి, “తీయించు బిడ్డా, మనదైతే పోనియ్యి” అంది. మధ్యాహ్నానికి బావ పైపు విప్పేశాడు.

తర్వాత పన్నెండు రోజులు నోట్‌బుక్ రాశాను. ట్యాంకు నిండిన టైము తమ్ముడు చెప్పేవాడు. పైవాడలో అమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు నల్లా వచ్చిన టైము, ఆగిన టైము, ఎన్ని బిందెలో ఫోన్ చేసి చెప్పేవాళ్లు. కిందివాడలో మోటార్లు లెక్కపెడితే ఇరవై మూడు. పేర్లు రాయలేదు, లెక్క మాత్రమే రాసుకున్నాను. ఊళ్లో బతకాలి కదా, మనుషులను దోషులుగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆ కాగితాలతో గ్రామసభకు పోయాను. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరపాలి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. మా ఊళ్లో చాలాకాలం సభంటే రిజిస్టరు ఇళ్లకు తెచ్చి సంతకాలు తీసుకోవడమే, నేనూ పెట్టాను. అలా పెట్టిన సంతకాలతో ఏయే తీర్మానాలు అయ్యాయో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు తీరాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేనందుకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ఖర్చుపెట్టాల్సి ఉండేది. ఎన్నికలు ఆలస్యమైతే మనకేం నష్టం అని అప్పట్లో నేనే అన్నాను. మా వాల్వులు తుప్పు పట్టింది ఆ రెండేళ్లలోనే. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచ్ వచ్చింది. మహిళా రిజర్వేషన్, మా తోటి ఆమే.

డప్పు చాటింపు వేశారు, వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద అరవై మంది దాకా వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు గొంతు వణికింది. నోట్‌బుక్‌లో ఉన్నది చదివాను, ట్యాంకు నిండిన రోజులు పన్నెండుకు పన్నెండు, పైవాడకు నీళ్లెక్కిన రోజులు మూడు. మోటార్ల లెక్క చెప్పే ముందు, “మా ఇంటిదీ ఉండె, పోయిన నెల తీసేసినం” అన్నాను. సర్పంచ్ భర్త లేచి జవాబు చెప్పబోతే పైవాడ ముసలవ్వ ఒకామె, “ఆమెను మేం గెలిపించినం, ఆమెనే చెప్పనియ్యి” అంది. ఆయన కూర్చున్నాడు. సర్పంచ్ మెల్లగానే అయినా తనే మాట్లాడింది.

గొడవ కాలేదని అబద్ధం చెప్పను. కిందివాడ వాళ్లు నన్ను తిట్టారు. “నీ పుట్టింటి కోసం మా నోట్లె మట్టి కొడ్తవా” అని వరసకు వదినయ్యే ఆమె ముఖాన్నే అడిగింది, నెలరోజులు నాతో మాట్లాడలేదు. కానీ కార్యదర్శి తీర్మానం రాశారు: పదిహేను రోజుల్లో మోటార్లు తీయాలి, తర్వాత కూడా ఉంటే కనెక్షన్ ఆపాలి, పైవాడకు వాల్వు మొదట తిప్పాలి, పాడైన వాల్వులు రెండు మార్చాలి. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలి కాబట్టి ఆ ఉపసర్పంచ్ ముందరే అడిగాం, వాల్వులకు డబ్బుందా అని. ఉందన్నాడు, రాయించాం.

తీర్మానం నకలు ఇవ్వడానికి మొదట కాస్త తాత్సారం జరిగింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు గడువు 30 రోజులు. పొరపాటున వేరే ఆఫీసుకు పెట్టినా వాళ్లే 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలి. నాకు తొమ్మిదో రోజే నకలు వచ్చింది. దాన్ని షాపులో గాజు కింద పెట్టుకున్నాను.

మోటార్లు అన్నీ తీశారా అంటే లేదు. ఇరవై మూడులో పదహారు పోయాయి. ఇంకో రెండు రాత్రిపూట నడుస్తున్నాయని అందరికీ తెలుసు. అయినా పైపులో ఒత్తిడి పెరిగింది. నాయినకు ఇప్పుడు పొద్దున ఆరున్నర నుంచి అరగంట పైన నీళ్లొస్తున్నాయి. అమ్మ బోరింగు మానేసింది.

షాపుకొచ్చిన వాళ్లను ఇప్పుడు రెండు మాటలు అడిగాకే కాగితం తీస్తున్నాను. ఇది ఏ ఆఫీసు పని? మీ ఊరి సభలో చెప్పారా? భూమి పాసుపుస్తకం సంగతైతే తహసీల్దార్‌కే రాస్తాను. పంచాయతీ పనైతే కార్యదర్శి పేర రాసి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకు రమ్మంటాను. గడువు దాటితే ఎంపీడీవోకు, అప్పటికీ కాకపోతే జిల్లా పంచాయతీ అధికారికి, ఆ తర్వాతే ప్రజావాణి. కొందరికి నచ్చదు, కలెక్టర్‌కు రాసే ఇంకో షాపుకు పోతారు. పోనీయండి, ముద్ర ఉన్న కాపీతో పోతే అక్కడ కూడా వాళ్ల మాటకు బరువుంటుంది, అదే చెప్పి పంపుతాను.

పైవాడ చివర, సరిగ్గా గుట్ట కింద, నాలుగిళ్లకు మాత్రం ఇంకా నీళ్లెక్కడం లేదు. వాటికి వేరే లైను వేయాలి, నిధులు వచ్చాక అంచనా వేయిస్తామన్నారు. ఆ నాలుగిళ్ల ఆడవాళ్లు ఏప్రిల్ నుంచి గడియారం చూసి వాళ్ల నోట్‌బుక్ వాళ్లే రాస్తున్నారు. చాలా తేదీల ఎదురుగా సున్నా ఉంది. వచ్చే గ్రామసభకు ఆ పుస్తకం తీసుకుని వాళ్లే వస్తామన్నారు, చదవడానికి వాళ్లలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఒప్పుకుంది.