నిర్వాణ కవర్: 104 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయిన రికార్డింగు

డేవిడ్ బోవీ పాట "ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్"ను అమెరికన్ రాక్ బృందం నిర్వాణ పద్ధతిలో రికార్డు చేసే పని ఈ వారం కూడా పూర్తి కాలేదు. గాత్రం సరిపోయింది. లోరీ గోల్డ్‌స్టన్ చెల్లో మీద వాయించిన భాగం కీబోర్డు మీద కుదిరింది. బ్రష్షులతో వాయించిన డ్రమ్స్ గురించి చెప్పుకోవలసినంత ఇబ్బందేమీ రాలేదు. పాట చివర మాటలు ఆగిపోయాక వచ్చే గిటారు మాత్రం, డిస్టార్షన్ పెడల్ (నాదాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే పెట్టె) నొక్కిన కొద్ది క్షణాల్లోనే కూత (యాంప్లిఫయరు శబ్దం గిటారును తిరిగి కదిలించడం వల్ల పుట్టే ఫీడ్‌బ్యాక్) మొదలుపెట్టి, అప్పటిదాకా పోగుచేసిన పనినంతా మింగేస్తోంది. ఇది చదివేవారిలో అకూస్టిక్ గిటారుకు డిస్టార్షన్ పెడల్ తగిలించి చూసినవారు ఎవరైనా ఉంటే, కింది కొలతలు చూసి తమ అభిప్రాయం చెప్పవలసిందిగా ముందే కోరుతున్నాను.

ఒకే పాటను పాడిన వేర్వేరు కళాకారుల పద్ధతుల్లో దాన్ని వరుసగా రికార్డు చేసి, ఎవరు ఏది మార్చారో, ఏది ముట్టుకోలేదో చేతులతో తెలుసుకోవాలన్నది ఈ వరస ఉద్దేశం. ఈ పాటకు మూడు రూపాలు ఎంచుకున్నాను. మొదటిది డేవిడ్ బోవీ 1970లో చేసిన మూలం. మిక్ రాన్సన్ గిటారు, టోనీ విస్కాంటీ బేస్, వెనక గరగరమని గీకే గ్విరో ఉన్న ఆ రికార్డింగులో, మిక్సింగు ముగిసే రోజున స్టూడియోలోనే కూర్చుని బోవీ సాహిత్యం రాశాడని విస్కాంటీ చెబుతూ వచ్చాడు. రెండోది 1974లో స్కాట్లాండ్ గాయని లూలూ పాడినది. దాన్ని బోవీ, రాన్సన్ కలిసి నిర్మించారు, శాక్సఫోన్ బోవీయే వాయించాడు, బ్రిటన్ పట్టికలో అది మూడో స్థానానికి చేరింది. ఆ రెండూ నా దగ్గర పూర్తయ్యాయి. లూలూ రూపాన్ని చులకన చేసేవారు చాలామంది ఉన్నారు గానీ, భయపెట్టే పాటను క్యాబరే వేదిక మీదికి తీసుకువచ్చి కూడా ఆ గిటారు ఎత్తుగడను చెడగొట్టకుండా నిలబెట్టడం సామాన్యమైన పని కాదని, వాయించిన తరువాత నాకు తెలిసింది.

మూడోది 1993 నవంబరు 18న న్యూయార్క్‌లోని సోనీ మ్యూజిక్ స్టూడియోస్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ (విద్యుత్ వాయిద్యాలు లేకుండా వాయించే టీవీ కార్యక్రమం) కోసం నిర్వాణ వాయించినది. మరుసటి సంవత్సరం నవంబరులో ఆల్బమ్‌గా వచ్చిన ఆ కచేరీలో ఆరు పాటలు ఇతరులవి. సొంత హిట్లు వినాలని వచ్చినవారికి మీట్ పప్పెట్స్ పాటలు మూడు, వాసెలీన్స్ పాట ఒకటి వినిపించిన ధైర్యం ఈ రోజుల్లో ఏ బృందానికీ లేదని నా అభిప్రాయం. ఈ కవర్ ఎంతగా పాతుకుపోయిందంటే, తాను ఈ పాట పాడినప్పుడు కుర్రవాళ్లు వచ్చి నిర్వాణ పాట పాడినందుకు మెచ్చుకుంటున్నారని బోవీయే విసుక్కున్నాడు.

నిర్వాణ గాయకుడు, గిటారిస్టు కర్ట్ కోబేన్ ఇందులో మార్చినవి నిజానికి చాలా తక్కువ. ఎత్తుగడ అదే, కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) అవే, వేగం కూడా పెద్దగా మారలేదు. తీగలన్నింటినీ అరస్వరం దించాడు, గ్విరోను వదిలేశాడు, మూలంలో చివర వచ్చే మాటల్లేని బృందగానం స్థానంలో ఆ వరుసనే గిటారు మీద వాయించాడు. అసలు మార్పు నాదంలో ఉంది. కార్యక్రమం పేరు అన్‌ప్లగ్డ్ అయినా, సౌండ్ హోల్‌లో (డొక్క మీది గుండ్రని రంధ్రంలో) పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) అమర్చిన 1959 నాటి మార్టిన్ డీ-18ఈ గిటారును ఆయన పెడళ్ల గుండా యాంప్లిఫయరుకు కలిపాడు. అది బయటికి కనపడకుండా, మానిటర్ స్పీకరులా భ్రమింపజేసే పెట్టెను నిర్మాత అలెక్స్ కొలెట్టీ దాని ముందు కట్టించాడు. (ఆ గిటారు 2020 వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. వాయిద్యంగా చూస్తే మార్టిన్ సంస్థ చేసిన మంచి గిటార్లలో దానికి చోటు దక్కదు.) మెత్తని చెల్లో పక్కన తుప్పుపట్టినట్టు వినిపించే ఆ గిటారు లేకపోతే ఈ కవర్‌కు సగం ప్రాణం లేదు. కాబట్టి దాన్ని వదిలేసి శుభ్రమైన అకూస్టిక్ నాదంతో సరిపెట్టుకుంటే, నేను చేసేది బోవీ పాటను మెల్లగా పాడటమే అవుతుంది.

ఇక కూత విషయానికి వస్తాను. నా గిటారు మామూలు డ్రెడ్‌నాట్ (పెద్ద డొక్క అకూస్టిక్ గిటారు), యమహా ఎఫ్‌జీ800. ఆ ధరలో దానికి సాటి లేదని ఇప్పటికీ వాదిస్తాను. సౌండ్ హోల్‌లో ఒక మాగ్నెటిక్ పికప్, దాని తరువాత బాస్ కంపెనీ డీఎస్-2 డిస్టార్షన్ పెడల్, ఆపైన 15 వాట్ల యాంప్. డీఎస్-2ను ఎంచుకున్నది కోబేన్ వాడిన పెడళ్లలో అది ఒకటైనందుకే అయినా, దాని రెండో టర్బో మోడ్‌లో మధ్య స్థాయి స్వరాలు ముందుకు వచ్చే తీరు ఈ పాటకు చాలా బాగా నప్పింది. ముందుగా వాడిన చౌక పెడల్‌లో ఆ గరుకుదనమంతా పైస్థాయిలోనే ఉండి చెవిని కోసేది. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలకు మాగ్నెటిక్ పికప్ సరిగా స్పందించదు. లోపలి ఉక్కు తీగను మాత్రమే అది గ్రహిస్తుంది కనుక, చుట్టలేని మొదటి రెండు తీగలు మిగిలినవాటి కంటే బిగ్గరగా పలుకుతాయి. నికెల్ తీగలు వేయగానే ఆ తేడా చాలావరకు సర్దుకుంది.

తీగలను చేత్తో అణిచి, బ్రిడ్జి మీద వేలి కణుపుతో తట్టి ఆ చప్పుడును స్పెక్ట్రమ్‌లో చూస్తే, నా గిటారు డొక్కకు రెండు శిఖరాలు కనిపించాయి: ఒకటి 102 హెర్ట్జ్ దగ్గర, అంటే డొక్కలోని గాలి ఊగే స్థాయి, రెండోది 207 దగ్గర, అంటే పైచెక్క ఊగే స్థాయి. డ్రెడ్‌నాట్‌లకు ఈ అంకెలు మామూలే. చిక్కంతా పాటతో వచ్చింది. ఎత్తుగడలో మొదటి కార్డు ఏ మేజర్. దానిలో వేలు పెట్టకుండా మీటే అయిదో తీగ మామూలు శ్రుతిలో 110 హెర్ట్జ్ పలుకుతుంది. అరస్వరం దించితే 103.8కు వస్తుంది. అదే కార్డులో మూడో తీగ రెండో మెట్టు మీద పలికే స్వరం 220 నుంచి 207.7కు దిగుతుంది. అంటే కోబేన్ శ్రుతి పాటించిన మరుక్షణం, ఈ పాటలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే కార్డులోని రెండు స్వరాలు నా గిటారు డొక్కలోని రెండు శిఖరాల మీద సరిగ్గా వచ్చి కూర్చుంటున్నాయి, ఆ స్వరాలకే డొక్క ఎక్కువగా ఊగి కూత పెడుతోంది.

ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే పరికరంలో) 104 దగ్గర సన్నని కోత పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారని తెలుసు. ఆ కోత కూతతోపాటు స్వరాన్ని కూడా తీసేస్తుంది. 6 డెసిబెల్స్ తగ్గిస్తే కూత ఆగలేదు, 12 తగ్గిస్తే ఏ మేజర్ కార్డు అడుగు ఖాళీ అయి, బేస్ గిటారు మాత్రమే దాన్ని మోయవలసి వచ్చింది. పికప్ వైర్లను తారుమారు చేసి ఫేజ్ తిప్పితే, కూత పక్క స్వరానికి జరిగిందే తప్ప పోలేదు. ఇంతలో గది పొడవు కొలిచాను. సరిగ్గా 11 అడుగులు. ఆ పొడవుకు గది రెండో అనునాదం దాదాపు 102 హెర్ట్జ్‌కు వస్తుంది, అంటే గిటారు, పాట, గది మూడూ ఒకే చోట కలుస్తున్నాయి. ఆ రెండో అనునాదానికి గోడల దగ్గర, గది నడిమధ్య పీడనం ఎక్కువగానూ, పొడవులో పావు వంతు దగ్గర అతి తక్కువగానూ ఉంటుంది. అందుచేత కుర్చీని గోడ నుంచి రెండు ముప్పావు అడుగుల దూరానికి జరిపి కూర్చుంటే, కూత మొదలయ్యే లోపు యాంప్ వాల్యూమ్‌ను 2 నుంచి 3 దాకా పెంచగలిగాను. పైసా ఖర్చు లేని ఈ చిట్కా ఎవరికైనా పనికివస్తుంది. అయితే చివరి వరుసలో స్వరం సాగడానికి 4 అయినా కావాలి.

తరువాత డొక్కనే మార్చే ప్రయత్నం చేశాను. సౌండ్ హోల్‌ను మూసే రబ్బరు బిళ్లలు దుకాణంలో దొరుకుతాయి గానీ, పికప్ ఆ రంధ్రంలోనే ఉండటం వల్ల అవి పట్టవు. పాత యోగా మ్యాట్ నుంచి ముక్క కోసి, పికప్ చుట్టూ పూర్తిగా మూసి చూస్తే, 102 దగ్గరి శిఖరం మాయమైంది, కూత మాత్రం 207కు ఎగిరింది. సగం మాత్రమే మూస్తే గాలి ఊగే స్థాయి 92 దగ్గరికి దిగింది, ఆ చోట ఈ పాటలో నాకు కావలసిన స్వరమేదీ లేదు. పైచెక్క కోసం బ్రిడ్జి వెనక పోస్టర్లు అంటించే బంక దాదాపు 40 గ్రాములు అద్దితే 207 కాస్తా 197కు దిగింది. ఎత్తుగడలో కూత ఆగింది. తీరా చరణం దాటి పల్లవిలో డీ ఫ్లాట్ కార్డు వేయగానే మళ్లీ మొదలైంది, ఎందుకంటే ఆ కార్డులోని ఏ ఫ్లాట్ స్వరం, దించిన శ్రుతిలో 196 హెర్ట్జ్ పలుకుతుంది. బంక తగ్గిస్తే ఎత్తుగడ చెడుతుంది, పెంచితే స్వరం సాగకుండా చప్పున చచ్చిపోతుంది.

శ్రుతి దించకుండా వాయించి, తరువాత కంప్యూటర్‌లో అరస్వరం దించే మార్గం కూడా చూశాను. గిటారు కూత పెట్టలేదు, కానీ డిస్టార్షన్ ఉన్న నాదాన్ని దించితే దాని గరుకు అంచులు పొడిపొడి అయిపోతాయి. యాంప్ వదిలేసి, పికప్ సంకేతాన్ని నేరుగా కంప్యూటర్‌కు ఇచ్చి, హెడ్‌ఫోన్స్‌తో సాఫ్ట్‌వేర్ యాంప్ వాడితే కూత ప్రసక్తే ఉండదు. అలా చేసినది బోవీ మూలానికి సరిపోతుందేమో గానీ దీనికి సరిపోదు. నా ఊహ ఏమిటంటే, కోబేన్ ఎదుట పెట్టెలో దాగిన యాంప్ నుంచి వచ్చే గాలి గిటారు చెక్కను తిరిగి కదిలించడం వల్లనే ఆ చివరి స్వరాలు అంతసేపు వణుకుతూ నిలబడ్డాయి. అంటే నేను పారదోలుతున్న కూతలో కొంత భాగం నాకు కావలసిన వస్తువే. దాన్ని ఎక్కడ ఆపాలన్నదే ఇంకా చేతికి రాలేదు.

ఈ పాట గురించి ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారికి చెడ్డ కవర్ల వైపు చూపిస్తాను. 2003లో లింప్ బిజ్కిట్ బృందం ద హూ వారి "బిహైండ్ బ్లూ ఐస్"ను తీసుకుని, మెల్లగా నడిచే పాట ఒక్కసారిగా ఉగ్రరూపం దాల్చే మధ్యభాగాన్ని కత్తిరించి, ఆ చోట స్పీక్ అండ్ స్పెల్ అనే పిల్లల ఆటబొమ్మ గొంతు పెట్టింది. పీట్ టౌన్‌షెండ్ ఆ పాటను కట్టిందే ఆ మలుపు కోసం అయినప్పుడు, దాన్ని తీసేశాక మిగిలేది నీరసం మాత్రమే. 1994లో గన్స్ అండ్ రోజెస్ చేసిన "సింపతీ ఫర్ ద డెవిల్"ది వేరే రోగం. ఏదీ తీసేయలేదు, ఏదీ కలపలేదు, ఒకరితో ఒకరికి పడని బృందం హాజరు వేయించుకున్నట్టు వాయించింది. బోవీ కూడా ఈ జాబితాకు అతీతుడు కాదు. 1984 నాటి "టునైట్" ఆల్బమ్‌లో బీచ్ బాయిస్ "గాడ్ ఓన్లీ నోస్"ను ఆయన ఎంత బరువుగా ఈడ్చాడంటే, మూలంలో ఉన్న భయమిశ్రితమైన సౌకుమార్యం ఒక్క పంక్తిలోనైనా మిగలలేదు. తన పాటను లూలూకు, పరోక్షంగా కోబేన్‌కు అంత బాగా అప్పగించిన మనిషే ఇతరుల పాట దగ్గర ఇలా తడబడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ రికార్డు చేసే ఉద్దేశం లేదు, "బిహైండ్ బ్లూ ఐస్"ను మాత్రం కత్తిరించిన భాగంతో సహా మూలం ప్రకారం ఎప్పుడైనా వాయించాలని ఉంది.

వచ్చే విడతకు అనుకుంటున్నది ఇది. పల్లవిలో పెడల్ ఆపేసి డీ ఫ్లాట్ కార్డును శుభ్రంగా వాయించి, ఎత్తుగడకూ చివరి వరుసకూ మాత్రమే డిస్టార్షన్ వాడతాను. మూలంతో పోలిస్తే అది చిన్న మోసమే అయినా, బంకను 40 గ్రాముల దగ్గర ఉంచి, సౌండ్ హోల్ సగం మూసి ఆ రెండు భాగాలు పూర్తిచేయడానికి అవకాశం కనిపిస్తోంది. యాంప్‌ను నేల మీది నుంచి తీసి కుర్చీ ఎత్తులో పెడితే తక్కువ స్థాయి స్వరాల బలం తగ్గుతుందని తెలిసినవారు చెప్పారు, దాన్ని కూడా కొలుస్తాను. అదీ కుదరకపోతే, స్నేహితుని దగ్గరున్న పలుచని డొక్క గిటారు అడిగి తెచ్చుకుంటాను. దాని శిఖరాలు ఎక్కడున్నాయో వాయించే ముందే తట్టి చూస్తాను.

ఆ తరువాతి పాట బాబ్ డిలన్ "ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్". డిలన్ 1967 నవంబరులో నాష్‌విల్‌లో రికార్డు చేసిన దాన్ని, మూడు నెలలు తిరగకముందే లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో జిమీ హెండ్రిక్స్ మొదలుపెట్టాడు. డేవ్ మేసన్ 12 తీగల అకూస్టిక్ గిటారు వాయించాడు, బేస్ చివరికి హెండ్రిక్సే వాయించుకున్నాడు. సోలోలో స్లైడ్‌తో వాయించే భాగానికి ఆయన సిగరెట్ లైటర్ వాడాడని చెబుతారు. లైటర్ నా దగ్గర లేదు గానీ గాజు స్లైడ్ ఉంది, ముందు దానితో మొదలుపెడతాను.