కారులో పుట్టగొడుగు

మామయ్య ఇచ్చిన మారుతి 800లో, డ్రైవరు పక్క సీటు ముందు, మ్యాటింగు అంచున తెల్లటి పుట్టగొడుగు మొలిచింది. మొదట చూసింది మా అమ్మాయి. దానికి తొమ్మిదేళ్లు. "నాన్నా, కారులో గొడుగుంది" అంటే, వానలో ఎవరినో ఎక్కించుకున్నప్పుడు మరిచిపోయి ఉంటారనుకున్నాను. వెళ్లి చూస్తే బొటనవేలంత ఎత్తున, సొంత ఇల్లు కట్టుకున్నంత ధీమాగా నిలబడి ఉంది.

ఇది 2025 ఆగస్టు చివరి మాట. మేము ఉండేది బెంగళూరులో జాలహళ్లి వైపు. అపార్టుమెంటులో మాకున్నది ఒకే పార్కింగు. అందులో మా ఆవిడ రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే కారు ఉంటుంది. ఈ ముసలిది వీధిలో, కానుగ చెట్టు కింద. మామయ్య హిందూపురం నుంచి వచ్చి ఇక్కడి హెచ్‌ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 2000 నవంబరులో కొన్నాడు దీన్ని. 2021లో కంటి శుక్లాల ఆపరేషన్ తర్వాత తాళాలు నా చేతిలో పెట్టి, "అమ్మవద్దురా. అలాగని గుడ్డ కప్పి దాచనూ వద్దు. రోజూ కాసేపైనా నడుపు" అన్నాడు. చేతి గడియారానికి కీ ఇచ్చినట్టే కారుకూ రోజూ కీ ఇవ్వాలని ఆయన సిద్ధాంతం.

పుట్టగొడుగు ఒక్కటే అయితే నవ్వుకుని పీకేసేవాణ్ని. కానీ నవంబరులో ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, గడువు ముగుస్తోంది. పదిహేనేళ్లు నిండిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, అందుకు బండిని తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. 2015లో, 2020లో ఆ పని మామయ్యే చూసుకున్నాడు. పైగా ఆ ఆగస్టులోనే కేంద్రం, ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 5,000 రూపాయల నుంచి 10,000కు పెంచింది. మా కారు ఇప్పుడు పలికే ధరలో అదెన్నో వంతో మా ఆవిడ ఒకే ఒక్కసారి లెక్క కట్టి చెప్పింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పకపోతే కథలో సగం సిగ్గు దాచినట్టవుతుంది. నేను పీణ్యలో హైడ్రాలిక్ వాల్వులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. వాల్వులోకి గాలి ఎక్కించి, నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడి నుంచి వస్తోందో చూడటం మా పని. కుర్రాళ్లు నివేదికలో కారణం అన్న గడిలో "సీలు పాడైంది" అని రాస్తే ఒప్పుకోను. ఎందుకు పాడైందో కనుక్కుని రమ్మని వెనక్కి పంపుతాను. అంతటి పెద్దమనిషిని అంతకు ముందు ఏడాది నా సొంత కారు ఫ్లోరులో రూపాయి బిళ్లంత తుప్పు చిల్లు కనిపిస్తే ఏం చేశానంటే, ఎంసీల్ (ఆరితే గట్టిపడే అతుకుల ముద్ద) పిసికి అతికించి, పైన తారు షీటు పరిచి, మ్యాటింగు కప్పేశాను. చిల్లు మూసేశాను కాబట్టి పైనుంచి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసేసినట్టే. మ్యాటింగు కింద ఉండే నార స్పాంజిలా ఆ నీళ్లన్నీ పీల్చి దాచుకుంది. పుట్టగొడుగు ఊరికే రాలేదు.

అదే ఏడాది ఇంట్లో బాత్రూము పైకప్పుకు నెమ్మెక్కి పెచ్చులు రాలితే, గీకి, వాటర్‌ప్రూఫ్ రంగు రెండు పూతలు వేశాను. మూడో నెలలో మచ్చ తిరిగి వచ్చింది, ఈసారి పక్క గోడ మీదికి కూడా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

సీట్లు విప్పడం ఒక ఆదివారం ఉదయం పని. పానాతో నాలుగు బోల్టులు, అందులో ఒకటి తుప్పుతో తల తెగింది. మ్యాటింగు లాగితే వచ్చిన వాసన గురించి ఎక్కువ రాయను. వీధి కుక్క కూడా దగ్గరికి వచ్చి, ఆలోచించి వెళ్లిపోయింది. నా ఎంసీల్ మాత్రం చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న రేకే అరచేయంత మేర పొరలు పొరలుగా లేచింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే బిస్కెట్టులా విరిగింది.

అది నీళ్లు చేరిన చోటు. వచ్చిన చోటు వేరే ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నారు, పల్లాన్ని చూసి మెరకను పట్టుకోవడం మన పని. పాత కారులో అనుమానితులు చాలామంది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు, తలుపు కింది అంచున నీళ్లు పోయే రంధ్రాలు, ఇంజను వైపు నుంచి వైర్లు లోపలికి వచ్చే చోట రబ్బరు బుడిపెలు. ఏసీ ఉన్న కార్లలో ఏసీ నీళ్లు పోయే గొట్టం పూడుకున్నా సరిగ్గా ఆ పక్క సీటు ముందే తడుస్తుంది. మా దానికి ఏసీ లేదు, ఒక అనుమానం తగ్గింది.

పరీక్షకు పైపు పెట్టే వీలు లేదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. అప్పటి నుంచి మా సెక్రటరీగారికి కారు, పైపు ఒకే చోట కనిపిస్తే ప్రాణం పోతుంది. ఆయనను తప్పు పట్టను, ఆ వేసవిలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసి చేసి ఆయన గొంతు పోయింది. వంటింట్లో నీళ్ల ఫిల్టరు వదిలే వృథా నీటిని మూడు రోజులు బకెట్లలో పట్టి ఉంచాను. మా అమ్మాయి టార్చి పట్టుకుని లోపల కూర్చుంది. డాష్‌బోర్డు కింద, తలుపుల అంచున ముఖానికి రాసుకునే పౌడరు చల్లి పెట్టాం. తడి తగిలితే పొడిలో గీత పడుతుంది. నేను బయటి నుంచి చెంబుతో పోస్తున్నాను. కింది నుంచి పైకి పోయాలి. ముందే టాపు మీద పోస్తే అన్ని చోట్లా ఒకేసారి తడిసి ఏమీ తెలియదు.

తలుపు కింది భాగం, పొడి. తలుపు అద్దం అంచు, పొడి. వైపర్ల కింది జాలీ, పొడి. మధ్యలో ఫ్యాక్టరీ నుంచి ఫోను, ఒక వాల్వు కారుతోందట. కారణం కనుక్కున్నారా అని అడిగాను. ముందు అద్దం ఎడమ వైపు కింది మూలన రెండో చెంబు పోయగానే లోపలి నుంచి కేక, "నాన్నా, పాము!" పౌడరులో పాములాంటి గీత వంకర తిరుగుతూ డాష్‌బోర్డు వెనక నుంచి దిగుతోంది.

మాకు మెకానిక్ ఒకాయన ఉన్నాడు, మదనపల్లె మనిషి, మత్తికెరెలో షెడ్డు. చూసి, "బీడింగు లేతగా ఉంది సార్, ఇది కంపెనీది కాదు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, మామయ్య నడిపే రోజుల్లో హైవే మీద రాయి తగిలి అద్దం మార్పించాడు. ఎవరు మార్చారో వారు అద్దం కొత్తది వేసి, రబ్బరు ఏదో సరిపెట్టారు. కొత్త బీడింగు కోసం జేసీ రోడ్డుకు వెళ్లాను. రవీంద్ర కళాక్షేత్ర దాటాక ఆ రోడ్డు పొడవునా విడిభాగాల కొట్లే. మొదటి మూడు కొట్లలో "800కా?" అని జాలిగా చూశారు. ఉత్పత్తి 2014 జనవరిలోనే ఆగింది మరి. నాలుగో కొట్టులో ఒక కుర్రాడు నిచ్చెన ఎక్కి, దుమ్ము దులిపి, చుట్ట చుట్టిన బీడింగు తెచ్చిచ్చాడు. 650 రూపాయలు.

అద్దం బిగించడానికి వచ్చిన పెద్దాయన పని చూడటానికే ఈ తతంగమంతా చేసినా తప్పులేదనిపించింది. ఇప్పటి కార్లలో అద్దాన్ని జిగురుతో అంటిస్తారు. దీనికి రబ్బరే ఆధారం. విప్పిన అద్దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టి, చుట్టూ బీడింగు తొడిగి, దాని గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ దూర్చాడు. రెండు కొసలూ కింద మధ్యలో వచ్చేలా ఉంచి, సబ్బు నీళ్లు పూసి, అద్దాన్ని చట్రానికి ఆనించాడు. నేను బయటి నుంచి అరచేతులతో నొక్కుతుంటే, ఆయన లోపల కూర్చుని తాడు కొస మెల్లగా లాగుతున్నాడు. తాడు వచ్చే కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. పది నిమిషాలు, ఒక్క దెబ్బ లేదు. "బలం పెట్టకండి సార్, అద్దం తనంతట తానే కూర్చుంటుంది" అంటాడు. బలం పెట్టనివాడికే ఆ మాట అనే అర్హత ఉంది. నాకు భుజాలు రెండు రోజులు నొప్పి.

ఇది చివరికి బిగించినప్పటి సంగతి. మొదట అద్దం తీసినప్పుడు రబ్బరు కింద రేకు అంచు మూలన జానెడు మేర తుప్పు పట్టి ఉంది. దాని మీద ఎంత మంచి రబ్బరు వేసినా నిలవదు. కనుక అద్దం పక్కన పెట్టి, ముందు వెల్డింగు.

టింకరింగ్ షెడ్డులో మొదట చెప్పిన మాట, గ్యాసుతో ఒక ముక్క అతికించి లప్పం పూసేస్తే రెండు వేలతో అయిపోతుందని. వద్దన్నాను. గ్యాసు మంటకు పలుచటి రేకు వంకర పోతుంది, లప్పం కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఒక ఎంసీల్ చాలు నా జీవితానికి. చివరికి రేకుకు వేడి తక్కువ తగిలే సీఓటూ వెల్డింగు ఉన్న షెడ్డు వెతికి, మంచి రేకు తగిలే వరకు కోయించి, 20 గేజి రేకుతో కొత్త ముక్కలు చుక్కలు చుక్కలుగా అతికించారు. బ్యాటరీ విప్పి, పెట్రోలు పైపు పక్కకు తప్పించి, వెనక సీటు కింద ట్యాంకు ఉంటుంది కాబట్టి దాన్ని దింపించాకే నిప్పు పెట్టనిచ్చాను. వెల్డరు నన్ను పిరికివాడి కింద జమకట్టాడు. జమకట్టనీ. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు పూత చాలన్నారు, ఎపాక్సీ ప్రైమరు నేనే కొని తెచ్చిచ్చాను. కీళ్లకు సీలెంటు, కింద తారు పూత. మొత్తం 7,800 రూపాయలు, పదకొండు రోజులు. అందులో ఎనిమిది రోజులు "రేపు రండి".

ఆ పదకొండు రోజుల్లో ఇంట్లో ఖాళీగా ఉండనివ్వలేదు మా ఆవిడ. "కారుకు పౌడరు చల్లారు కదా, పైవాళ్ల ఇంటికి ఏం చల్లుతారు?" అంది. పై అంతస్తులో ఉండేవారు మంగళూరు దంపతులు, మర్యాదస్తులు. తమ బాత్రూము పూర్తిగా పొడిగా ఉందని ఏడాదిగా అదే మర్యాదతో చెబుతున్నారు. ఈసారి వాదన మానేసి ప్లంబరుతో పాటు నీలిమందు సీసా పట్టుకెళ్లాను. వాష్‌బేసిను గొట్టంలో నీలిమందు నీళ్లు పోసి ఒక రోజు చూశాం, ఏమీ లేదు. తర్వాత నేల మీది నహానీ ట్రాపు (నీళ్లు పోయే జాలీ) చుట్టూ పోశాం. మర్నాడు పొద్దున మా పైకప్పు మీద లేత నీలం చుక్క వేలాడుతోంది. పైవాళ్లను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు తల పైకెత్తి చూసి, "రంగు బాగుంది" అన్నాడు. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. ట్రాపు చుట్టూ గచ్చు తవ్వి, కొత్తగా కట్టి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశారు. ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు.

ఆర్సీ పని దానికదే తేలిక. ఫారం 25 ఆన్‌లైన్‌లో నింపి, ఫీజు కట్టి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, బంకులో పొగ పరీక్ష చేయించుకున్నాను. చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు దగ్గర మాత్రం గుండె జారింది. ఈ కారులో ఆ నంబరు ఇంజను వెనక రేకు మీద చెక్కి ఉంటుంది. మురికి, తుప్పు కలిసి రెండు అంకెలు కనిపించడం లేదు. ఉప్పు కాగితంతో రుద్దితే అంకె అరిగి, నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో, పాత పళ్ల బ్రష్షుతో అరగంట తుడిచాక అచ్చు స్పష్టంగా పడింది.

ఇన్‌స్పెక్టరు అక్టోబరులో ఒక మంగళవారం చూశారు. లైట్లు, హారను, బ్రేకు, నంబరు ప్లేటు, చాసిస్ నంబరు. ఏడు నిమిషాలు. నేను ప్రాణంగా చేయించిన ఫ్లోరు వైపు కన్నెత్తి చూడలేదు. ఆగలేక నేనే మ్యాటింగు ఎత్తి, "ఇది కొత్తగా వేయించాను సార్" అన్నాను. ఆయన కన్నడంలో, ఎవరిది ఈ కారు అని అడిగారు. మామయ్యదన్నాను, రికార్డులో నా పేరే ఉన్నా. సంతకం పెట్టేశారు.

ఆ వారంలోనే పెద్ద వాన. రాత్రి పదకొండుకు గొడుగు వేసుకుని, టార్చితో నేనూ అమ్మాయీ వెళ్లి, సీటు ముందు పరిచిన పేపరు తీసి చూశాం. పొడిగా ఉంది. వెనక డిక్కీలో పరిచిన పేపరు మాత్రం తడిసింది. అది డిక్కీ రబ్బరు, వచ్చే ఆదివారం పని. పైకప్పు మీది నీలి మచ్చకు ఇంకా రంగు వేయలేదు. పూర్తిగా ఆరేదాకా బ్రష్షు ముట్టుకోవద్దని మా ఆవిడ హుకుం.