కౌంట్(1) వేగమని పట్టిక వేసి మరీ చూపించాను

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోని ఒక పెద్ద టేబుల్లో మొత్తం ఎన్ని వరుసలున్నాయో చూపే పేజీ చాలా నెమ్మదిగా తెరుచుకుంటోందని ఫిర్యాదు రావడంతో, లెక్కించే క్వెరీలలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలలో) ఏది త్వరగా ముగుస్తుందో తేల్చే పనిని నేనే అడిగి తీసుకున్నాను. క్వెరీలు రాసి, వాటి ముందు, క్వెరీ ఎలా నడిచిందో, ఎంత సమయం పట్టిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చేర్చడానికి పది నిమిషాలు పట్టింది.

వరుసలను లెక్కించే రెండు పద్ధతుల్లో మొదట కౌంట్(*), ఆ వెంటనే కౌంట్(1) నడిపితే రెండోది సగం సమయంలోనే పూర్తయింది. నక్షత్రం పెడితే డేటాబేస్ కాలమ్‌లన్నీ చదువుతుందని ఎప్పుడో విన్న మాటకు రుజువు దొరికిందని పొంగిపోయి, సమావేశంలో పట్టిక చూపించి, కోడంతా మార్చాలని కూడా గట్టిగా వాదించాను. చేరి మూడు నెలలైనా నిండని సహోద్యోగి ఒకరు, "క్వెరీల వరస తిరగేసి ఒకసారి నడిపి చూద్దామా సార్?" అని ఎంతో మర్యాదగా అడిగారు. అందరి ముందూ నడిపాను. రెండూ ఇంచుమించు ఒకే సమయం తీసుకున్నాయి, పైగా కౌంట్(*) వెంట్రుకవాసి ముందే ఉంది.

మొదటి క్వెరీ డిస్క్ నుంచి తెచ్చిన డేటా పేజీలు ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో ఉండిపోగా, రెండోది వాటిని ఉచితంగా వాడుకుందన్నమాట. డేటా ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బఫర్స్ ఆప్షన్ పెట్టి చూసినా నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ మెమరీ నుంచి వచ్చినదాన్ని కూడా పోస్ట్‌గ్రెస్ 'రీడ్' (తన సొంత మెమరీ బయటి నుంచి చదివినది) కిందే చూపిస్తుంది. నిజానికి కౌంట్(*) ఏ కాలమ్ విలువనూ అడగదు. మేము వాడే వెర్షన్‌లో కౌంట్(1) మాత్రం ఆ ఒకటి నల్ (విలువ లేనిది) కాదని ప్రతి వరుసకూ సరిచూసుకుంటుంది. ఒక్కో క్వెరీని కనీసం ఐదుసార్లు, వరస మార్చి నడపకుండా ఎవరైనా అంకెలు చూపిస్తే ఇకపై నమ్మను.

అసలు జాప్యం వేరే చోట ఉంది. టేబుల్ జోలికి పోకుండా ఇండెక్స్‌తోనే లెక్కించే ఇండెక్స్ ఓన్లీ స్కాన్ జరుగుతున్నా, హీప్ ఫెచెస్ (టేబుల్‌లోకి వెళ్లి చూసిన సార్లు) లక్షల్లో కనిపించాయి, అంటే ఏ పేజీల్లోని వరుసలు అందరికీ కనిపిస్తాయో గుర్తుపెట్టుకునే విజిబిలిటీ మ్యాప్ పాతబడిపోయి, వరుస కనిపించదగినదో కాదో తేల్చుకోవడానికి మళ్లీ టేబుల్‌నే తడుముకోవలసి వస్తోంది. పాత వరుసలను శుభ్రం చేసి ఆ మ్యాప్‌ను తాజా చేసే వాక్యూమ్ ఒక్కటి నడపడానికి సర్వర్ల విభాగం వారు నాలుగు రోజులు అనుమతి ఇవ్వలేదు. ఇచ్చాక ఆ అంకె సున్నా అయింది. చివరికి ఆ పేజీకి కచ్చితమైన లెక్కే అక్కర్లేదని తేలింది కాబట్టి, టేబుళ్ల వివరాలు దాచే పీజీ_క్లాస్‌లోని రెల్‌టపుల్స్ అనే వరుసల సంఖ్య అంచనా తీసుకుని పక్కన 'సుమారు' అని చేర్చాం.

సమావేశానికి ముందే నేను ఉత్సాహపడి పదకొండు ఫైళ్లలో పెట్టేసిన కౌంట్(1)లను తిరిగి నక్షత్రాలుగా మార్చే పని కూడా ఈ రోజు నాకే అప్పగించారు.