భూమి ఎవరిది అని మా పెద్దోడు అడిగినప్పుడు

మా పెద్దోడికి స్కూల్‌ల క్లైమేట్ గురించి చెప్తరు, సండే స్కూల్‌ల దేవుని గురించి చెప్తరు, రెండూ వాడికి వేర్వేరు సబ్జెక్టులే. క్రిస్మస్ సెలవులకు డల్లాస్ నుంచి డోర్నకల్ దగ్గర మా ఊరికి పోయినం. అప్పుడే కోతలు అయిపోయి యాసంగి నాట్ల కోసం పొలాలల్ల వరి కొయ్యలు కాలబెడుతున్నరు, ఊరంత పొగ. వాడు నాయినమ్మను సూటిగ అడిగేసిండు, యేసయ్య వచ్చినప్పుడు భూమి ఎట్లాగూ కాలిపోతదంట కదా, మరి చెట్లు నాటుడు ఎందుకు అని.

ఈ మాట డల్లాస్‌ల మన తెలుగోళ్లు కూడ అంటరు, భూమి కాలిపోతదని రాసి ఉందని బైబిల్‌ల పేతురు రెండో పత్రిక 3వ అధ్యాయం చూపిస్తరు. నాకు అస్సలు ఒప్పదు. ఆదికాండం 2:15ల దేవుడు మనిషిని తోటల పెట్టిందే సాగు చేయనీకి, కాపాడనీకి. అది పాపం రాకముందు ఇచ్చిన పని, శిక్ష కాదు.

నాయినమ్మ వచనాలేం చెప్పలే, వంటకు తీసిన బియ్యంల కెళ్లి ఒక పిడికెడు వేరే డబ్బాల వేసి ఇది దేవునిది బిడ్డా అన్నది. మా దిక్కు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలల్ల ఇది పాత అలవాటు, కోతపండుగ కూడ అట్లనే, వడ్లు, సొరకాయలు, కోళ్లు చర్చికి తెస్తరు, ఆరాధన అయినంక వేలం పాడుతరు. పంట మనదే కాదు అని పిల్లలకు ఇంతకంటె బాగ ఎవరు చెప్తరు?

రాత్రి వానికి లేవీకాండం 25 చదివి వినిపించిన. ఏడో ఏడు పొలానికి విశ్రాంతి ఇయ్యాలె, భూమి నాదే, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అని దేవుడు అంటడు. మా ఇంట్ల వీసా, గ్రీన్ కార్డ్ ముచ్చట్లు రోజూ నడుస్తయి గద, వానికి టక్కున అర్థమైంది. మరి నాయినమ్మ పొలం కూడ ఆమెది కాదా అన్నడు. కాదురా, ఆమె కూడ కాపలాకే ఉంది అన్న.

అట్లయితే ఆ పొగ తప్పు కదా అన్నడు. తప్పే, కాలబెడితే మన్నుల సత్తువ పోతది, వానపాములు చస్తయి. కాని కోతమిషన్ వదిలిన గడ్డిని దున్ని కలపాలంటె ట్రాక్టర్ కిరాయి ఎక్కువ, నాట్లకు టైమ్ తక్కువ, ఒక్క రైతును తిట్టి లాభం లేదు. సంఘమే ఆ కిరాయిల కొంత మోస్తె బాగుంటది అనిపించింది. కోతపండుగ వేలంల వచ్చిన పైసలల్ల కొంత దానికే పెడదాం అని మా ఊరి పాస్టర్ గారికి చెప్పొచ్చిన, మా వంతు ఇక్కడి నుంచి పంపుతం.