యూరప్ రైలు పాసు: మేనల్లుడి సలహా, పారిస్‌లో నా అవస్థ

సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, బట్టలు ఉతకలేదు. అయినా ఇది ముందు రాయాలి. లేకపోతే మా ఇంట్లోవాళ్ళు "ట్రిప్ బ్రహ్మాండంగా జరిగింది" అని ఊరంతా చెప్పేసి చేతులు దులుపుకుంటారు. జరిగింది, కాదనను. కానీ పారిస్ స్టేషన్‌లో ఆ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడింది నేను.

వెళ్ళింది నలుగురం: నేను, మావారు, అత్తయ్యగారు, ఐదో తరగతి చదివే మా అబ్బాయి. పారిస్, స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్, తర్వాత వెనిస్, వియన్నా. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ ఆయన ప్యాకేజీ రేటు చెప్పగానే నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. విమానాలు, హోటళ్ళు, రైళ్ళు అన్నీ నేనే ఎక్సెల్‌లో వేసుకుని బుక్ చేశాను. ఆయన చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. ఈ మాట చెప్పుకునే హక్కు నాకుంది.

రైళ్ళ దగ్గర మన లెక్క అక్కడ పనికిరాదు. సికింద్రాబాద్ నుంచి విశాఖకి స్లీపర్ టికెట్ రెండు నెలల ముందు కొన్నా, వారం ముందు కొన్నా అదే చార్జీ. అక్కడ దూరం వెళ్ళే రైళ్ళకు విమానం టికెట్లలాగే రోజులు దగ్గరపడేకొద్దీ రేటు ఎక్కుతుంది. ఆస్ట్రియా రైల్వే వాళ్ళ స్పార్‌షీనె, ఇటలీలో సూపర్ ఎకానమీ ఇలాంటివన్నీ ముందుగా కొంటే చాలా చవక. కానీ రద్దు చేసుకుంటే డబ్బు పోయినట్టే. మనకేమో షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) స్టాంపు పడేదాకా ప్రయాణం ఉందో లేదో తెలీదు. అప్లికేషన్ ఆరు నెలల ముందే పెట్టుకోవచ్చని రూలు, అపాయింట్‌మెంట్ దొరకడం మాత్రం మన అదృష్టం. "ముందే కొనేయండి, చవక" అని సలహాలిచ్చే అక్కడివాళ్ళకి ఈ బాధ ఏం తెలుస్తుంది?

అందుకే నేను రైలు పాసు వైపు మొగ్గాను. ఇన్ని ప్రయాణ దినాలు అని ఒకేసారి కొనుక్కుంటే, ఆ రోజుల్లో విడి టికెట్లు కొనకుండా రైళ్ళెక్కొచ్చు. యూరప్‌లో నివాసం లేనివాళ్ళకి యూరైల్, అక్కడ ఉండేవాళ్ళకి ఇంటర్‌రైల్. 33 దేశాల్లో చెల్లుతుంది. మామూలు ధరకి కొన్న పాసుని యాక్టివేట్ చేయకుండా ఉంచితే కొంత పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు, ఆఫర్‌లో కొన్నదానికి ఇవ్వరు. వీసా రాకపోతే మొత్తం మునిగిపోం, అదీ నాకు నచ్చింది. అత్తయ్యగారికి 60 దాటాయి కాబట్టి 10 శాతం తగ్గింపు. 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి ఉచితం, కాకపోతే మన పాసుతో పాటే వాళ్ళ పాసు కూడా ఆర్డర్‌లో చేర్చుకోవాలి. కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుంటే డబ్బు కట్టడం నిమిషం పని.

ఇక మా ఆడపడుచు కొడుకు సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం. "పాసుంటే ఇంకేం అత్తయ్యా, ఏ రైలొస్తే ఆ రైలెక్కేయడమే, అడిగేవాడుండడు" అన్నాడు. అత్తయ్యగారికి మనవడి మాటంటే వేదం.

వీసా చేతికొచ్చేసరికి ప్రయాణం నెత్తి మీదికొచ్చింది. అప్పుడు చూస్తే పారిస్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్ళే హైస్పీడ్ రైలుకి పాసు ఉన్నా సీటు రిజర్వేషన్ తప్పనిసరి అని తేలింది. దానికి వేరే డబ్బు. ఆన్‌లైన్‌లో ఎంత ప్రయత్నించినా పడలేదు. పారిస్‌లో దిగాక ఒక పెద్ద స్టేషన్‌కి వెళ్ళి, మెషిన్‌లో నంబరు చీటీ తీసుకుని, మా వంతు కోసం కూర్చున్నాం.

కౌంటర్‌లో ఉన్నతను నా ఫోన్‌లో పాసు చూసి, అద్దం కింద నుంచి ఒక్క వేలితో వెనక్కి తోశాడు. "పాస్ ఈజ్ నాట్ టికెట్." నాకు తెలుసు, రిజర్వేషన్ ఇవ్వమన్నాను. మళ్ళీ అదే మాట, ఈసారి ఒక్కో ముక్కా విడదీసి, గట్టిగా, చంటిపిల్లకి చెప్పినట్టు. నేను ఇంటర్ పిల్లలకి ఇంగ్లీష్ చెప్పే లెక్చరర్‌ని! వెనక లైన్లో ఎవరో నిట్టూర్చారు. మావారు ఉన్నట్టుండి గోడ మీద టైంటేబుల్ చదవడంలో మునిగిపోయారు. అత్తయ్యగారు చెగోడీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని "ఏమంటున్నాడమ్మా? మనవాడి పేరు చెప్పకపోయావా?" అంటున్నారు.

చివరికి అతను స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఆ రైల్లో సీట్లు బోలెడున్నాయి. పాసు వాళ్ళకి కేటాయించిన కోటా మాత్రం అయిపోయింది. పూర్తి ధర పెడితే ఇప్పుడే ఇస్తాడట, పిల్లాడికి కూడా కలిపి. పాసు కొన్న డబ్బు ఒకపక్క, మళ్ళీ నలుగురికీ టికెట్లు ఇంకోపక్క. "అమ్మా, ఖాళీ ఉన్నాయి కదా, మరి ఎందుకివ్వడు?" అని మా వాడు అందరికీ వినపడేలా అడిగాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కోపంతో. రిజర్వేషన్ అక్కర్లేని రైలు ఏదైనా ఉందా అంటే ఆ మనిషి భుజాలెగరేసి తర్వాతి నంబరు నొక్కేశాడు. జీతం తీసుకునేది జనానికి దారి చెప్పడానికే కదా? మన బుకింగ్ క్లర్కులు కసురుకుంటారు గానీ, కసురుకుంటూనైనా "ఫలానా ప్యాసింజర్‌కి పోండి" అంటారు.

ఆ దారి బెంచీ మీద కూర్చుని నేనే కనిపెట్టాను. పాసు వాళ్ళ రైల్ ప్లానర్ యాప్‌లో రిజర్వేషన్ తప్పనిసరి కాని రైళ్ళు మాత్రమే చూపించమని టిక్ పెట్టుకోవచ్చు. పారిస్ ఎస్త్ స్టేషన్ నుంచి త్రోయ్, బెల్ఫోర్ మీదుగా మ్యూలూజ్‌కి ప్రాంతీయ రైలుంది. వాటిని టీఈఆర్ అంటారు, రిజర్వేషన్ ఉండదు. మ్యూలూజ్ నుంచి బాసెల్‌కి అరగంట కూడా పట్టదు. బాసెల్ నుంచి ఇంటర్లాకెన్‌కి నేరుగా రెండు గంటలు. హైస్పీడ్ రైలుకంటే ఆలస్యమే, అయితే ఒక్క యూరో అదనంగా పెట్టలేదు, రోజంతా ఒకే ప్రయాణ దినం కిందకొచ్చింది. టీసీ వచ్చి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మా వాడికి టాటా చెప్పి వెళ్ళాడు.

ఇంటర్లాకెన్ నుంచి మేనల్లుడికి ఫోన్ చేసి కడిగేశాను. "నేను జర్మనీ సంగతి చెప్పా అత్తయ్యా" అన్నాడు. నిజమే, జర్మనీలో ఐసీఈ అనే వాళ్ళ హైస్పీడ్ రైలుకి కూడా రిజర్వేషన్ తప్పనిసరి కాదు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లోనూ చాలా రైళ్ళకి అంతే. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో హైస్పీడ్ రైళ్ళకీ, పారిస్-లండన్ లాంటి రూట్లలో నడిచే యూరోస్టార్‌కీ, రాత్రి రైళ్ళకీ కావాలి. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నోటి ముత్యాలు రాలిపోయేవా? యుంగ్‌ఫ్రౌయోఖ్ కొండ రైలు కూడా పాసులో వచ్చేస్తుందన్నాడు, తీరా చూస్తే 25 శాతం తగ్గింపు మాత్రమే.

మిగతా ప్రయాణం సాఫీగా సాగింది. మిలాన్ వైపు వెళ్ళే రైలుకి స్విస్ స్టేషన్‌లోనే రిజర్వేషన్ చేయించాను, అక్కడి అమ్మాయి రెండు నిమిషాల్లో ఇచ్చేసింది.

మీ రూటులో ఫ్రాన్స్ ఉంటే, వీసా వచ్చిన రోజే, ఇంట్లోవాళ్ళకి చెప్పకముందే, సీట్ల కోటా చూసుకోండి. జర్మనీ, ఆస్ట్రియా వరకే అయితే పాసు కొనేముందు విడి టికెట్ల రేటు కూడా పక్కన వేసుకోండి, చాలాసార్లు విడివే చవక. అత్తయ్యగారు మాత్రం నిన్న ఫోన్లో మా ఆడపడుచుతో, "మీవాడు పాసు చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కౌంటర్‌వాడు మమ్మల్ని దోచేసేవాడే" అంటున్నారు.