మావయ్య నిజం చెప్పేశారు

ఇవాళ మా కుక్క మిరియానికి ఆపరేషన్ అవ్వలేదు. నా సెలవు మాత్రం అయిపోయింది.

రాత్రి పదింటికే దాని గిన్నె కడిగి బోర్లించా. దానికి ఏమీ పెట్టొద్దని ఫ్రిజ్ మీద చీటీ అంటించా. ఇంట్లో అందరికీ చెప్పా, ఒకరికైతే రెండుసార్లు. ఆ ఒకరే పొద్దున్న ఐదున్నరకి టీ తాగుతూ రెండు బిస్కెట్లు దాని నోట్లో పెట్టేశారు. అది ఎదురుగా కూర్చుని చూస్తుంటే తనకి గొంతు దిగలేదట!

ఈ సంగతి నాకు తెలిసింది క్లినిక్‌లో. తూకం మీద నిలబెట్టి 17 కిలోల 400 అని రాసుకుని, "రాత్రి నుంచి ఏం తినలేదు కదమ్మా?" అన్నాడు డాక్టరు. "లేదండీ" అన్నాను. వెనకనుంచి మావయ్య, "పొద్దున్నే రెండు బిస్కెట్లు తిన్నది సార్" అన్నారు. అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసిన పిల్లాడిలా!

అంతే. గురువారం రమ్మన్నాడు. "మత్తు వల్ల ఏం జరిగినా నాదే బాధ్యత" అన్న కాగితం మీద నా సంతకం సగంలో ఉండిపోయింది.

రెండు బిస్కెట్లకి ఇంత రాద్ధాంతమా అని ఆటోలో కుతకుతలాడిపోయాను. పక్కన మావయ్య ఊరుకుంటే కదా. రిటైరైనా హిస్టరీ మాస్టారు మాస్టారే. 1888లో మన హైదరాబాదులోనే లారీ అనే డాక్టరు నిజాం డబ్బుతో వందకు పైగా కుక్కలకి క్లోరోఫామ్ మత్తు ఇచ్చి చూశాడట. ముందు ఊపిరే ఆగుతుంది, గుండె తర్వాతే, కాబట్టి ఊపిరి మీద కన్నేస్తే చాలని తేల్చాడట. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చూస్తే, మత్తు పలచగా ఉన్నప్పుడు గుండే ముందు ఆగిపోవచ్చని తేలిందట. "చూశావా, అంత పెద్ద డాక్టరూ పొరబడ్డాడు" అన్నారు. మీరు పెట్టిన బిస్కెట్ల మాటేంటి మావయ్యా అందామనుకుని, మిరియం చెవి నిమురుతూ కూర్చున్నా.

రాద్దామని కూర్చున్నది ఆయన మీద చాడీలే. కానీ సాయంత్రం నుంచి మా పిల్లి చుక్కమ్మ కళ్ళే గుర్తొస్తున్నాయి.

పాత ఇంట్లో ఉన్నప్పుడు చుక్కమ్మ ఆపరేషన్ నాడు ఇంకో క్లినిక్‌లో ఇదే ప్రశ్న. ఇదే "లేదండీ". నిజానికి పొద్దున్న నాలుగు చెంచాల పాలు తాగించాను. పాలేగా అనుకున్నా. మధ్యాహ్నం పాత తువ్వాల్లో చుట్టి, తెలివి రాకుండానే చేతిలో పెట్టేశారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడట్లేదు. పోయిందనే అనుకున్నా. కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే పిల్లులు అలాగే ఉంటాయని, కన్ను ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాస్తారని ఎవరూ చెప్పలేదు. చెవులు చల్లగా, నాలుక పక్కకి వేలాడుతూ. వెటర్నరీ చదువుతున్న మా తమ్ముడికి ఫోన్ చేస్తే, "పక్కకి పడుకోబెట్టి మెడ తిన్నగా ఉంచక్కా. పెదవి ఎత్తి చిగురు నొక్కు, తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి" అన్నాడు. వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, చీకటి పడేదాకా నొక్కుతూనే ఉన్నా. లేస్తూ లేస్తూ కక్కింది. విరిగిన పాలు.

అవే పాలు బల్ల మీద ఉండగా పైకి తన్నుకొచ్చి ఉంటే? మత్తులో గుటక కూడా సరిగా పడదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తమ్ముడికి కూడా పాల సంగతి చెప్పలేదు నేను.

బ్రిటన్‌లో 2002-2004 మధ్య లెక్క తీస్తే, మత్తు ఇచ్చిన కుక్కల్లో సుమారు 600కి ఒకటి, పిల్లుల్లో 420కి ఒకటి పోయాయి. పోయిన పిల్లుల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ అయ్యాకే. అందుకే ఈసారి డాక్టర్ని ముందే అడిగాను, లేచి నడిచేదాకా ఇక్కడే ఉంచుతారా అని. ఉంచుతామన్నాడు. అదొక్కటే ఇవాళ్టి సంతోషం.

అంటే నాకు కోపం మావయ్య బిస్కెట్లు పెట్టినందుకు కాదా? కాదని అనలేను, సెలవు పోయింది, ఆటోకి 560 పోయింది. కానీ ఆయన నోరు మూసుకుని ఉంటే బావుండు అని అక్కడ ఒక్క క్షణం అనుకున్నాను చూడండి, అదే గుచ్చుతోంది.

మిరియం ఇప్పుడు ఆయన మంచం కిందే గురక పెడుతోంది. బిస్కెట్ల డబ్బా నా బీరువాలో ఉంది. గురువారం పొద్దున్న టీ బయట ఇరానీ హోటల్లో తాగొస్తానని మావయ్యే అన్నారు. మిరియాన్ని కూడా వాకింగుకి తీసుకెళ్తారట. వద్దన్నాను.